మొగం చూసినావా అమ్మా?

ఆయన పోయారన్న సంగతి నాకు ఒక కేరళ నర్సు చెప్పింది. ఆఫీసులో మధ్యాహ్నం భోజనానికి డబ్బా మూత తీస్తున్నాను. ఫోన్ మీద ఆయన నంబరే కనిపించింది. ఈ వేళప్పుడు ఈయనకేం పని పడిందో అనుకుంటూ ఎత్తాను. అవతల ఆయన గొంతు కాదు. ఆ అమ్మాయి హిందీలో ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. పొద్దున్నే ఇక్కడి మస్కట్‌లోనే అజైబా సముద్రపు ఒడ్డున నడుస్తూ పడిపోయారట. ఎవరో అంబులెన్సు పిలిచారట. ఆసుపత్రికి తెచ్చేసరికే అయిపోయిందట. ఆయన ఫోన్‌కి లాకు లేదు కాబట్టి ఆఖరున మాట్లాడిన నంబరుకే చేసిందట. అంతా చెప్పి, "ఆయన మీకు ఏమవుతారు?" అని అడిగింది.

ఏమని చెప్పను? చుట్టం కాదు. మాది గోదావరి జిల్లా, ఆయనది అనంతపురం. మా ఆఫీసరు అందామంటే రిటైరై కొన్నేళ్ళయింది. "మా సార్" అన్నాను. ఆ పిల్ల అదేదో పెద్ద చుట్టరికమే అన్నట్టు "అచ్ఛా అమ్మా" అని ఊరుకుంది.

కాసేపటికి ఆయన కూతురు ఫోన్ చేసింది. అజైబాలో పళ్ళ డాక్టరు. భార్య పోయాక సార్ ఉండేది ఆ అమ్మాయి దగ్గరే. బడులకు సెలవులని భర్తా పిల్లలతో ఇండియా వెళ్ళింది, ఈయన మాత్రం విమానం ఎక్కే ఓపిక లేదని ఉండిపోయారు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది దానికి. "ఆంటీ, నాకు రేపు సాయంత్రం ఫ్లైటే దొరికింది. ఈలోపల ఎవరో ఒకరు చూసి ఆయనే అని చెబితే గానీ పని మొదలవదంట. మీరు వెళ్తారా? మొగం చూడకుండా ఎవరూ సంతకం పెట్టకూడదు ఆంటీ. మా నాన్న సంగతి మీకు తెలుసు కదా."

వెళ్తానమ్మా అన్నాను. తర్వాత డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను. వాళ్ళ నాన్న సంగతి నాకు బాగా తెలుసు. నా సంగతే ఆ పిల్లకి తెలియదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను మార్చురీ గడప తొక్కి ఎరగను.

మీకు కొంచెం ముందు నుంచి చెప్పాలి. మస్కట్‌లో మన దేశపు దౌత్య కార్యాలయంలో నాది చిన్న ఉద్యోగం. ఇక్కడే కుదిరిన మనిషిని, ఢిల్లీ నుంచి దిగినదాన్ని కాదు. కష్టమొచ్చి గేటు దగ్గరికి వచ్చే తెలుగువాళ్ళ మాట విని, దాన్ని హిందీలోకో ఇంగ్లీషులోకో మార్చి ఆఫీసర్లకి చెప్పడం నా డ్యూటీ. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళలో పనికి వచ్చిన ఆడవాళ్ళు, సైట్ల మీద పనిచేసే మగవాళ్ళు, అందరూ నా బల్ల ముందు కూర్చున్నవాళ్ళే. మొదట్లో వాళ్ళతో పాటు నేనూ ఏడ్చేదాన్ని. ఈ ఉద్యోగంలో ఏడుపు ముందు పోతుంది. అలసట మాత్రం ఇంటిదాకా వచ్చి, చెప్పులు విప్పినా విడవదు.

అలాంటి రోజుల్లో మా విభాగానికి కొత్త ఆఫీసరు వస్తున్నారన్నారు. ఆఫ్రికాలో ఒక చిన్న దేశం నుంచి బదిలీ. అక్కడ మన కార్యాలయం అంటే ఊరి చివర అద్దె ఇల్లేనట. సూటు వేసుకున్న దొరగారు దిగుతారనుకున్నాం. నలిగిన చొక్కాతో, చేతిలో నీళ్ళ సీసాతో ఒక బక్కపల్చటి మనిషి దిగాడు. వచ్చిన మర్నాడు నేను ఆఫీసుకు వెళ్ళేసరికి ఆయన అప్పటికే తలుపు తీసి, తన బల్ల తనే తుడుచుకుని, ఖాళీ సీసాలన్నిట్లో నీళ్ళు పట్టి గోడవారగా పెడుతున్నారు. "ఇక్కడ నీళ్ళు ఆగవండీ" అన్నాను. "అలవాటమ్మా. పోతాదిలే" అన్నారు. రిటైరయ్యేదాకా పోలేదు.

ఆ చిన్న కార్యాలయం గురించి ఆయన చెబితే నవ్వకుండా ఉండలేకపోయేవాళ్ళం. ముందుగది ఆఫీసు, వెనక గదులు కాపురం. పెద్ద రాయబారి పక్క దేశంలో ఉండేవాడు, ఏడాదికోసారి చుట్టపుచూపుగా వచ్చేవాడు. మిగతా కాలమంతా ఈయన, ఒక గుమస్తా, ఊళ్ళో కుదుర్చుకున్న డ్రైవరు. ఆ డ్రైవరే వాచ్‌మను, తోటమాలి, ఆ దేశపు మాటలు తెలిసిన దుబాసీ. ప్రభుత్వానికి ఉత్తరం తయారు చేసేదీ ఈయనే, తీసుకెళ్ళి ఇచ్చేదీ ఈయనే. జవాబు వస్తే గేటు దగ్గర అందుకునేదీ ఈయనే. పండగరోజు జెండా ఎగరేసి, చొక్కా మార్చుకుని, అతిథులకి కుర్చీలు వేసేవారట. విందు వంట ఆయన భార్య, మా మేడమ్ గారిదే. "ద్వైపాక్షిక చర్చలన్నీ మా భోజనాల బల్ల మీదే జరిగినాయి. పులిహోర తిన్న మంత్రి ఒక్కడూ మనకు అడ్డం మాట్లాడల్యా" అనేవారు.

నవ్వించి, తను మాత్రం నవ్వేవారు కాదు. ఆ ఊళ్ళో మనవాళ్ళెవరికి జబ్బు చేసినా, ఎవరు జైల్లో పడినా, ఎవరు తాగి కొట్టుకున్నా ఈయన తలుపే తట్టాలి. వేరే తలుపు లేదు. పండగైనా, జ్వరమైనా అంతే. ఆ అలసట ఆయన సామానుతో పాటే మస్కట్ వచ్చింది. మధ్యాహ్నం పూట కుర్చీలో కూర్చునే కళ్ళు మూసుకునేవారు. నిద్రపోతున్నారనుకుని వెనక్కి తిరిగితే, "చెప్పమ్మా, వింటాండా" అనేవారు.

ఆయన గడ్డం సంగతి కూడా చెప్పాలి. అక్కడ సరిగ్గా ఆఫీసు వేళకే కరెంటు పోయేదట. చీకటి స్నానాలగదిలో చేత్తో తడుముకుంటూ గీసుకోవడం అలవాటైపోయింది. మస్కట్‌లో అంత వెలుగులో ఉండి కూడా అద్దం వైపు చూసేవారు కాదు. రోజూ ఎడమ దవడ కింద, చెవికి కొంచెం దిగువన, అంగుళం మేర వదిలేసేవారు. ఆఫీసరుగారికి నోటితో ఎలా చెబుతాం? ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చే రోజున నేను ఎదురుగా నిలబడి నా దవడ మీద వేలు పెట్టుకునేదాన్ని. ఆయన తడుముకుని, "మళ్ళా వదిల్నానా" అని డ్రాయరులోంచి చిన్న కత్తెర తీసేవారు. అదొక్కటే నేను ఆయనకి నేర్పగలిగిన పని. అదీ పట్టుబడలేదు.

నాకు మాత్రం ఆయన ఒకటే నేర్పారు. ఏ కేసు చెప్పినా, నేను ఎంత వివరంగా చెప్పినా, ఆఖర్న ఒకే ప్రశ్న. "మొగం చూసినావా అమ్మా?"

మొదట్లో చిర్రెత్తేది. ఫోన్లో మాట్లాడాం, యజమాని మాట్లాడాడు, ఆ మనిషే స్వయంగా మాట్లాడింది, ఇంక ముఖం ఏమిటండీ? ఆయన వాదించేవారు కాదు. కారు తాళాలు అందుకునేవారు. డ్రైవరు ఖాళీగా లేకపోతే తనే నడిపేవారు. అలా ఎక్కడో సరిహద్దులో ఉన్న బురైమి దాకా ఒక పనిమనిషి ముఖం చూడటానికి వెళ్ళి, ఆవిడ దిట్టంగా ఉండి మమ్మల్నే "అన్నం తిని పోండి" అంటే, తిని వచ్చిన రోజులున్నాయి. అప్పుడు నేను దారంతా సణిగేదాన్ని. ఆయన హాయిగా వినేవారు.

ఇబ్రా అనే ఊరికి వెళ్ళిన రోజు మాత్రం సణగలేదు. రాయచోటి దగ్గర నుంచి ఒకామె ఫోన్ చేసింది. వాళ్ళక్క ఇబ్రాలో ఒక ఇంట్లో ముసలామెని చూసుకునే పనిలో ఉందట. "మా అక్క గొంతు మారిపోయింది మేడం. ఏం లేదంటాది. అది చెప్పే రకం కాదు" అంది. నేను ఇబ్రాకి ఫోన్ చేశాను. ఆ ఇంటి కొడుకు మర్యాదగా మాట్లాడి ఫోన్ ఆవిడకే ఇచ్చాడు. "బాగనే ఉండా మేడం. నాకేం తక్కువ ల్యా" అంది. అదే మాట సార్‌కి చెప్పాను. ఆయన కళ్ళు తెరవకుండానే అడగాల్సింది అడిగారు.

ఆ దారిలోనే ఆయన నాకు ఆ ప్రశ్న ఎక్కడిదో చెప్పారు. నేను అడగలేదు. ఎండ రోడ్డు మీద నీళ్ళలా మెరుస్తోంది, ఆయన ముందుకు చూస్తూనే చెప్పారు. ఆ చిన్న దేశంలో ఉండగా ఒక కలప కంపెనీలో మనవాళ్ళిద్దరు లారీ బోల్తాపడి పోయారట. ఒకడిది మన తెలుగు జిల్లాల వైపు, ఇంకొకడిది బీహార్. ఆ అడవి ఎక్కడో మారుమూల. వానలకి రోడ్డు తెగిపోయింది. ఈయనకి మలేరియా, లేచి నిలబడలేని జ్వరం. కంపెనీవాళ్ళు పెట్టెల మీద పేర్లు వేసి తెచ్చారు. ఈయన మంచం మీద నుంచే సంతకాలు పెట్టి విమానం ఎక్కించేశారు.

"పేర్లు తారుమారైనాయమ్మా. బీహారోళ్ళు పెట్టె తెరవకుండానే కాల్చేసినారు. మనోళ్ళు తెరిచినారు. తెరిస్తే వాళ్ళ పిల్లోడు కాదు."

నేను ఒళ్ళో ఉన్న ఫైలు మూసి ఆయన వైపు తిరిగాను.

"ఆ తల్లి నాకు ఫోన్ చేసింది. తిడితే బాగుండు. తిట్టల్యా. 'నువ్వు మొగం చూసినావా నాయనా' అని మాత్రం అడిగింది. చూడల్యా గదా."

దారిలో టీ దగ్గర ఆగినప్పుడు, నాకు చక్కెర తక్కువ వెయ్యమని చెప్పడం మాత్రం ఆయన మర్చిపోలేదు.

ఇబ్రాలో ఆ ఇంటివాళ్ళు మమ్మల్ని కూర్చోబెట్టి ఖర్జూరాలు, కాఫీ పెట్టారు. ముసలామె లోపలి గదిలో మంచం మీద ఉంది. మన మనిషిని పిలిచారు. తల మీద కొంగు నిండుగా కప్పుకుని వచ్చి తలుపు నీడలో నిలబడింది. "బాగుండాను సార్" అంది, మేం అడగకముందే. సార్ కాఫీ గిన్నె కింద పెట్టారు.

"కొంచెం ఎలుతురులోకి రా తల్లీ" అన్నారు.

వచ్చింది. ముఖం ఉబ్బిపోయి ఉంది. కళ్ళు సగం మూసుకుపోయాయి. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. నేను ఫోన్లో విన్న గొంతుకీ ఈ మనిషికీ సంబంధం లేదు.

"ఎన్నాళ్ళ నుంచీ?"

"ఎండకట్లా అయింది సార్. నేను పోతే ఈ యమ్మకు తినిపించేవోళ్ళు ల్యారు. ఇంకొకరి చేత్తో తినదు."

సార్ ఆ ఇంటి కొడుకు వైపు చూశారు. కోపంగా కాదు. ఆ అబ్బాయి కూడా అప్పుడే ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు. హిందీలో అన్నాడు, "రోజూ చూస్తూనే ఉన్నాం సార్. రోజూ చూడబట్టే కనిపించలేదేమో." తనే కారు తీసి ఆసుపత్రికి ముందు నడిచాడు. మూత్రపిండాలు పాడవుతున్నాయన్నారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మేం చూడాల్సింది వేరే చోట అని డాక్టరు నాతో విడిగా చెప్పింది. ఆవిడ కొన్ని వారాలు ఆసుపత్రిలో ఉండి, తన కాళ్ళ మీద నడిచి విమానం ఎక్కింది. వెళ్ళేముందు ఆ ముసలామెకి తినిపించడం ఇంటి కోడలికి నేర్పి మరీ వెళ్ళింది. ఇప్పటికీ వాళ్ళ చెల్లెలు పండగలకి అక్క ఫోటో పంపుతుంది. మందుల మీద బతుకుతోంది, ముఖం తేటగా ఉంటుంది.

ఆ రోజు రానూ పోనూ కారు డ్రైవరే నడిపాడు. తిరిగొచ్చేటప్పుడు సార్ నోరు తెరుచుకుని నిద్రపోయారు. ఇంత పని చేసిన మనిషి అలా నిద్రపోతుంటే ఎంత చిన్నగా కనిపించాడో.

అన్ని ముఖాలూ వేళకి దొరకవు. దొరకనివాటిని ఆయన మార్చురీలో చూసేవారు. సైట్ మీద పడిపోయినవాళ్ళు, రూమ్‌లో నిద్రలోనే పోయినవాళ్ళు. కంపెనీవాళ్ళు గుర్తుపట్టినా సరే, పెట్టె మూసేముందు తను వెళ్ళి చూసి వచ్చేవారు. ఊరు, పేరు, తండ్రి పేరు నేను చెప్పాలి కాబట్టి నన్నూ తీసుకెళ్ళేవారు. నేను బయట బల్ల మీద కూర్చునేదాన్ని. చిన్నప్పుడు మా నాన్నని వరండాలో పడుకోబెట్టినప్పుడు నన్ను బలవంతాన ముందుకు తోశారు. ఆ తర్వాత ఆయన ముఖం తలుచుకుంటే ఆ ముఖమే వస్తుంది, నవ్వే ముఖం రాదు. ఆ భయం నన్ను వదల్లేదు. ఒక్కసారే సార్ తలుపు దగ్గర ఆగి, "లోపలికి వస్తావామ్మా?" అని అడిగారు.

"నా వల్ల కాదండి."

"సరే. ఎవరో ఒకరు బయట ఉండాల గదా" అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఇంకొకరైతే నా పిరికితనాన్ని పది మందిలో పెట్టేవారు. ఈయన దానికో డ్యూటీ ఇచ్చి కూర్చోబెట్టారు. ఆ మర్యాదకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

బయటికి వచ్చి చేతులు కడుక్కుని, నా పక్కన కూర్చుని, "ఆ పిల్లోడే" అనేవారు. కాసేపాగి వంకాయల గురించో, ఈ ఊళ్ళో దొరకని కొర్రబియ్యం గురించో మాట్లాడేవారు. మొదట్లో ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ వంకాయలు లేకపోతే ఆయన అక్కడి నుంచి లేవలేరని.

సార్ రిటైరయ్యాక మేడమ్ గారు ఎంతోకాలం బతకలేదు. కూతురు పట్టుబట్టి ఆయన్ని మళ్ళీ మస్కట్‌కే తెచ్చుకుంది. ఆఫీసు గేటు వైపు ఒక్కసారి కూడా రాలేదు. "వస్తే మీకు ఇబ్బంది, రాకపోతే నాకు ఇబ్బంది. నా ఇబ్బందే మేలు" అనేవారు. ఫోన్ మాత్రం చేసేవారు. ఎవరొచ్చారు, ఏ ఊరు, ఏం కష్టం. చివరికి ఆ ప్రశ్న. పని తెమలని రోజుల్లో, "చూశానండి, మీరు ఇంక పడుకోండి" అని విసుక్కునేదాన్ని. ఆయన పోయిన రోజు పొద్దున కూడా చేశారు. ఒడ్డున గాలి హోరులో మాట సరిగా వినపడలేదు. సాయంత్రం మాట్లాడతానన్నాను.

ఆ సాయంత్రమే నేను మార్చురీకి వెళ్ళాను. మా ఆఫీసు నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరు మంచివాడు. "మేడం, మీకు కష్టమైతే కంపెనీవాళ్ళు ఎవరినైనా..." అని ఆగిపోయాడు. సార్‌కి కంపెనీ ఎక్కడిది? ఆ బయటి బల్ల అక్కడే ఉంది. కూర్చుంటే లేవలేనని కూర్చోలేదు.

లోపల పనిచేసే మనిషి హైదరాబాద్ పాతబస్తీ ఆయన. నన్ను చాలా ఏళ్ళుగా బయటే చూసినవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మన సారే అమ్మా. నేను గుర్తు వట్టిన. కానీ నేను చెప్తే చెల్లదంట" అన్నాడు. తలుపు పట్టుకుని, "మీరెన్నడు లోపలికి రాలేదు గద. ఇయ్యాల వస్తరా?"

"వస్తాను భాయ్. ఇవాళ లోపల ఉండేవాళ్ళు లేరు."

లోపల చల్లగా ఉంది. భాయ్ దుప్పటి అంచు పట్టుకుని నా వైపు చూశాడు. నేను తలూపాను. దుప్పటి దించాడు.

భయపడినంత ఏమీ లేదు. మధ్యాహ్నం కుర్చీలో కళ్ళు మూసుకుని వినే ముఖమే. అలసట అలాగే ఉంది. "చెప్పమ్మా, వింటాండా" అంటారేమోనని ఒక్క క్షణం ఆగాను. వెనక నుంచి కుర్ర ఆఫీసరు మెల్లగా, "ఆయనేనా మేడం?" అన్నాడు.

ముఖం చూశాను. నిదానంగా, ఆయన చూసినట్టే, నుదుటి నుంచి కిందికి. పొద్దున నడకకి వెళ్ళేముందు గడ్డం గీసుకున్నారు. ఎడమ దవడ కింద, చెవికి కొంచెం దిగువన, తెల్లటి గరుకు అంగుళం మేర అలాగే ఉంది.

"ఆయనే" అన్నాను. అప్పటికే నా వేలు నా దవడ మీద ఉంది.